3,038 అంటే ఎంతమందికి ఫ్లూ వచ్చినట్టు? 2023 మార్చి లెక్కల మీద ఒక కేస్ స్టడీ

2023 మార్చి 10న కేంద్ర ఆరోగ్య శాఖ ఫ్లూ మీద ఒక ప్రెస్ నోట్ ఇచ్చింది. అప్పటికే ఫ్లూ వైరస్‌లో ఒక రకమైన హెచ్3ఎన్2 పేరు టీవీల్లో మోగిపోతోంది, ఇంటింటా రెండు మూడు వారాలైనా తగ్గని దగ్గు, మళ్ళీ కోవిడ్ లాంటిదేదో వచ్చిందేమోనని టెన్షన్. ఆ నోట్‌లోంచి అందరి ఫోన్లలోకీ వెళ్ళిన అంకె ఒక్కటే, 3,038. జనవరి నుంచి మార్చి 9 వరకు దేశంలో ల్యాబ్‌లో నిర్ధారణ అయిన ఇన్‌ఫ్లుయెంజా కేసులు అవి, అన్ని రకాలూ కలిపి. నాకు వచ్చిన ఫార్వర్డ్‌లలో మాత్రం అది "దేశంలో 3,038 మందికి హెచ్3ఎన్2" అయిపోయింది. 140 కోట్ల మందిలో మూడు వేలేనా, అయితే ఏమీ లేనట్టే అని కొందరు తేలిగ్గా తీసుకున్నారు, ఇంకొందరు ఇద్దరు చనిపోయారట కదా అని భయపడ్డారు. రెండు వర్గాలూ ఒకే అంకెను చదివి అటొకరు ఇటొకరు వెళ్ళారు.

నేను జిల్లా సర్వైలెన్స్ (జబ్బుల నిఘా) యూనిట్‌లో ఎపిడెమియాలజిస్ట్‌ని, అంటే జనంలో జబ్బులు ఎలా పాకుతున్నాయో లెక్కలతో చూసేవాణ్ణి. ఇలాంటి అంకెలు కింద, పీహెచ్‌సీ దగ్గర ఎలా పుడతాయో చూడటం, అవి పైకి వెళ్ళే ముందు సరిచూడటం నా ఉద్యోగం. కాబట్టి ఆ మార్చి నోట్‌నే కేసుగా పెట్టుకుని, అందులో ఉన్న లెక్కల్ని ఒక్కొక్కటిగా విప్పి రాస్తున్నాను. నా వాదన సూటిగా ఇదీ: ఎవరిని కేసు అన్నారో, ఎంతమందికి పరీక్ష చేస్తే ఆ కేసులు తేలాయో పక్కన రాయనంతవరకు, కేసుల సంఖ్యను చూసి జబ్బు పెరిగిందనో తగ్గిందనో ఎవరూ చెప్పలేరు, అధికారులు కూడా.

నోట్‌లో నిజంగా ఏముంది

అందరూ చూడని విషయం ఏమిటంటే ఆ నోట్‌లో ఒకటి కాదు, మూడు వేర్వేరు లెక్కలున్నాయి. మొదటిది, జలుబు దగ్గు జ్వరాలతో ఆరోగ్య కేంద్రాలకు వచ్చినవాళ్ళు. మా ఫారాల్లో ఏఆర్ఐ/ఐఎల్ఐ అని ఉంటుంది. జనవరిలో 3,97,814, ఫిబ్రవరిలో 4,36,523, మార్చి మొదటి 9 రోజుల్లో 1,33,412. రెండోది, ఊపిరితిత్తుల సమస్య ముదిరి ఆస్పత్రిలో చేరినవాళ్ళు, దీన్ని మేం సారి కేసులంటాం. జనవరిలో 7,041, ఫిబ్రవరిలో 6,919, మార్చి 9 రోజుల్లో 1,866. మూడోది ల్యాబ్ నిర్ధారణలు: 1,245, 1,307, 486. ఈ మూడు నెలల నిర్ధారణలు కలిపితే వచ్చేదే 3,038.

ఇవి కాక హెచ్1ఎన్1 (మనం స్వైన్ ఫ్లూ అనేది) లెక్క విడిగా ఇచ్చారు, ఫిబ్రవరి 28 వరకు 955. గమనించండి, ఆ తేదీ వేరు. 3,038 లోంచి 955 తీసేసి మిగిలినదంతా హెచ్3ఎన్2 అని లెక్కకట్టినవాళ్ళున్నారు. ఒకటి ఫిబ్రవరి ఆఖరుకి, ఇంకోటి మార్చి 9కి. పైగా మిగిలినదాంట్లో ఇన్‌ఫ్లుయెంజా బి అనే ఇంకో రకం ఫ్లూ కూడా ఉంటుంది. ఆ తీసివేతకు అర్థం లేదు.

మొదటి లెక్క ఎక్కడ పుడుతుంది

ఈ భాగం మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే బయటివాళ్ళకు కనిపించనిది ఇదే.

మన దేశంలో జబ్బుల నిఘాకి ఐడీఎస్పీ అనే కార్యక్రమం 2004లో మొదలైంది. దానికి మూడు ఫారాలు. ఊళ్ళో ఏఎన్ఎం నింపేది ఎస్ ఫారం, లక్షణాలు మాత్రమే. పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్ చూసి అనుమానంగా రాసేది పి ఫారం. ల్యాబ్‌లో తేలితే ఎల్ ఫారం. ఒకప్పుడు సోమవారం నుంచి ఆదివారం వరకు లెక్కించి వారానికోసారి పంపేవాళ్ళు, 2021 ఏప్రిల్ నుంచి దేశమంతా ఐహిప్ అనే పోర్టల్‌లోకి మారాం, ఏ రోజుది ఆ రోజు ఎక్కించాలి. ప్రెస్ నోట్‌లోని నాలుగు లక్షల అంకె ఇలా ఎక్కించినదే.

పి ఫారంలో ఏఆర్ఐ, ఐఎల్ఐ రెండూ ఒకే గడి. ఐఎల్ఐ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకుమించిన జ్వరం, దాంతోపాటు దగ్గు, మొదలై పది రోజుల లోపు ఉండాలి. ఏఆర్ఐ అంటే మామూలు ముక్కు కారడం దగ్గర్నుంచి అన్నీ వస్తాయి. రెండిటినీ ఒకే గడిలో వేస్తే ఆ గడిలో ఫ్లూ ఎంతో, జలుబెంతో, కోవిడ్ ఎంతో, జలుబు జ్వరం తెచ్చే అడినోవైరస్ ఎంతో విడదీయలేం. 2023 మొదట్లో పశ్చిమ బెంగాల్ పిల్లల్లో అడినోవైరస్ బాగా తిరిగింది, ఆ పిల్లలు కూడా ఈ గడిలోకే వస్తారు.

ఇక అసలు ఆరోగ్య కేంద్రం దాకా ఎంతమంది వస్తారు? మా దగ్గర పల్లెలో జ్వరం వస్తే ముందు మెడికల్ షాపుకెళ్ళి గోళీలు అడుగుతారు. తగ్గకపోతే ఆర్ఎంపీ దగ్గర సూది. అదీ పని చేయకపోతే టౌన్‌లో ప్రైవేట్ క్లినిక్. ఈ మూడు చోట్లా జరిగిన దానికి మా పోర్టల్‌లో జాడ ఉండదు, పెద్ద ప్రైవేట్ ఆస్పత్రులు కొన్ని తప్ప. ఫిబ్రవరిలో 4,36,523 అంటే దేశ జనాభాలో పది వేలమందికి ముగ్గురు. ఆ ఫిబ్రవరిలో నెల మొత్తం మీద పది వేలమందిలో ముగ్గురికే దగ్గు జలుబు వచ్చిందంటే మీ వీధివాళ్ళే నమ్మరు.

అలాగని ఆ అంకె పనికిరానిదని నేను అనడం లేదు, దయచేసి అలా తీసుకోకండి. ఒకే పీహెచ్‌సీ, ఒకే మెడికల్ ఆఫీసర్, ఒకే అలవాటుతో ప్రతి వారం ఎక్కిస్తూ ఉంటే, ఆ పీహెచ్‌సీలో ఈ వారం ఉన్నట్టుండి రెట్టింపయితే అది నిజమైన సంకేతం. ఆ సంకేతం కోసమే దాన్ని పెట్టారు. దాన్ని దేశం మొత్తానికి కూడి "ఇంతమందికి జబ్బు" అని చెప్పినప్పుడే అది మోయలేని బరువు మోస్తుంది.

క్యాలెండర్ చేసే గారడీ

నోట్‌లోని సారి కేసుల్ని మళ్ళీ చూడండి. జనవరి 7,041, ఫిబ్రవరి 6,919. తగ్గాయి కదా? జనవరికి 31 రోజులు, ఫిబ్రవరికి 28. రోజుకి లెక్కిస్తే జనవరిలో 227, ఫిబ్రవరిలో 247. అంటే పెరిగాయి. మొత్తాలు చూస్తే ఒక కథ, రోజువారీ సగటు చూస్తే దానికి సరిగ్గా ఎదురు కథ. నెలవారీ పట్టికలు ఇచ్చేటప్పుడు ఇంత చిన్న భాగహారం చేసి పెట్టకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

మార్చి ఇంకా చిక్కు. రోజుకి ఏఆర్ఐ/ఐఎల్ఐ జనవరిలో సుమారు 12,830, ఫిబ్రవరిలో 15,590, మార్చి మొదటి 9 రోజుల్లో 14,820. సారి 207కి దిగింది. ల్యాబ్ నిర్ధారణలు మాత్రం రోజుకి 40 నుంచి 47కి, అక్కణ్ణుంచి 54కి ఎక్కాయి. దగ్గుతో వచ్చేవాళ్ళు తగ్గుతుంటే, ఆస్పత్రిలో చేరేవాళ్ళు తగ్గుతుంటే, నిర్ధారణలు పెరుగుతున్నాయి. ఏది నమ్మాలి?

ముందు ఏఆర్ఐ/ఐఎల్ఐ తగ్గుదల సంగతి. మార్చి 1 నుంచి 9 లోపు ఒక ఆదివారం ఉంది, హోలీ ఉంది. పీహెచ్‌సీ ఓపీ నడిచే రోజులు ఏడనుకుందాం. ఫిబ్రవరిలో నాలుగు ఆదివారాలు, శివరాత్రి తీసేస్తే 23. ఆ లెక్కన పనిదినానికి ఫిబ్రవరిలో దాదాపు 18,980, మార్చిలో 19,060. తగ్గుదల మాయమైపోయింది! రాష్ట్రాన్ని బట్టి సెలవులు మారతాయి కాబట్టి ఇది ఉజ్జాయింపే, కానీ "తగ్గుతోంది" అన్న మాటను ఆపడానికి ఇది చాలు. దానికి తోడు ఆఖరి రెండు మూడు రోజుల రిపోర్టులు ఎప్పుడూ పూర్తిగా ఎక్కవు. సిగ్నల్ లేక కొందరు, సెలవులో ఉండి కొందరు, నాలుగు రోజులవి ఒకేసారి ఎక్కిస్తారు. మా యూనిట్‌లో ఏ వారం లెక్కనైనా తర్వాతి వారం మళ్ళీ తీసి చూస్తే అంకె పెరిగే ఉంటుంది. అందుకని గ్రాఫ్‌లో చివరి బిందువు కిందికి వంగి ఉంటే నేను దాని మీద ఏ మాటా చెప్పను, కలెక్టర్ గారు మీటింగ్‌లో అడిగినా సరే, "ఇంకా రిపోర్టులు వస్తున్నాయి సార్" అనే చెప్తాను.

సారికి మాత్రం ఈ సెలవుల వాదన అంతగా వర్తించదు, అడ్మిషన్లు ఆదివారం కూడా జరుగుతాయి. ఆ తగ్గుదలలో ఆలస్యపు ఎంట్రీ ఎంత, నిజం ఎంత అన్నది ఆ నోట్ నుంచి తేల్చలేం.

ఇక పెరిగిన నిర్ధారణలు. ఫ్లూ నిజంగా పెరిగి ఉండొచ్చు. లేదా మార్చి మొదట్లో వార్తలు ఊపందుకోవడంతో డాక్టర్లు ఎక్కువ శాంపిల్స్ పంపి ఉండొచ్చు. ఈ రెండిటినీ విడదీయడానికి ఒక్క అంకె చాలు, ఏ నెలలో ఎన్ని శాంపిల్స్ పరీక్షించారు అనేది. ఆ పట్టికలో అది లేదు. వంద శాంపిల్స్‌కి పది పాజిటివ్ వచ్చిన వారం తర్వాత, రెండొందల శాంపిల్స్‌కి పదిహేను వస్తే కేసులు పెరిగినట్టు కనిపిస్తుంది, ఫ్లూ వాటా మాత్రం పది శాతం నుంచి ఏడున్నరకి పడిపోయింది. ల్యాబ్‌లో పనిచేసే ఎవరినడిగినా మొదట చెప్పేది ఇదే.

ఆ సీజన్‌లో పరీక్షల లెక్కతో కలిపి మాట్లాడింది ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి. దాని కింద దేశంలో వైరల్ రీసెర్చ్ ల్యాబ్‌ల నెట్‌వర్క్ ఉంది. 2022 డిసెంబర్ 15 నుంచి వాటి నిఘాలో, శ్వాసకోశ సమస్యతో చేరినవాళ్ళలోనూ ఓపీకి వచ్చినవాళ్ళలోనూ దాదాపు సగం మందికి హెచ్3ఎన్2 దొరికిందని ఐసీఎంఆర్ చెప్పింది. హెచ్3ఎన్2తో సారిగా చేరినవాళ్ళలో 10 శాతం మందికి ఆక్సిజన్, 7 శాతం మందికి ఐసీయూ అవసరమయ్యాయని కూడా చెప్పింది. నా వరకు ఆ నెల మొత్తంలో పనికొచ్చే సమాచారం అది. అది చూసి నేను చేయగలిగిన పనులున్నాయి: ఫ్లూ మందు ఒసెల్టామివిర్ స్టాక్ చూసుకోవడం, వృద్ధులు ఎక్కువున్న వార్డుల్లో ఆక్సిజన్ చూసుకోవడం. 3,038ని చూసి చేయగలిగింది ఏమీ లేదు. ఐసీయూ 7 శాతం అన్నది మాత్రం ఆస్పత్రిలో చేరినవాళ్ళలో, ఫ్లూ వచ్చిన అందరిలో కాదు. ఈ తేడా వదిలేసి చెప్పినవాళ్ళు చాలామందిని అనవసరంగా భయపెట్టారు.

తమిళనాడు 545, మన దగ్గర?

ఫిబ్రవరి ఆఖరు వరకు ఉన్న 955 హెచ్1ఎన్1 కేసుల్లో 545 తమిళనాడువి. తర్వాత మహారాష్ట్ర 170, గుజరాత్ 74, కేరళ 42, పంజాబ్ 28. తెలంగాణ, ఆంధ్ర ఆ వరసలో లేవు. చాలామంది మిత్రులు మనం సేఫ్ అనుకున్నారు.

తమిళనాడుకి 1939 నుంచి ప్రజారోగ్య చట్టం ఉంది, దానికోసం విడిగా డైరెక్టరేట్ ఉంది, జిల్లాల్లో అదే పనిగా ఉండే అధికారులున్నారు. అలాంటి చోట కేసులు ఎక్కువ కనిపించడం వెతికినదానికి దొరికిన ఫలితం కూడా కావచ్చు. దేశంలో సగానికి పైగా హెచ్1ఎన్1 ఒక్క రాష్ట్రంలోనే తిరుగుతోందని, సరిహద్దు దాటి చిత్తూరులోకి రాలేదని నేను నమ్మను.

ఆ రోజుల్లో లోకల్ రిపోర్టర్లు ఫోన్ చేసి "సార్, మన జిల్లాలో ఎన్ని కేసులు సార్?" అని అడిగేవాళ్ళు. సున్నా అని చెప్పడం చాలా తేలిక, పైవాళ్ళకీ అదే ఇష్టం. నేను "ఇప్పటివరకు నిర్ధారణ అయినవి లేవు, పంపిన శాంపిల్స్ కూడా చాలా తక్కువ, రెండూ కలిపి రాయండి" అనేవాణ్ణి. కొందరు రాశారు. పరీక్ష చేయని చోట సున్నా రావడం, చేసిన చోట సున్నా రావడం ఒకటి కావు, పేపర్లో మాత్రం రెండూ ఒకేలా అచ్చవుతాయి.

ఎవరికి పరీక్ష చేయాలన్న రూలే అంకెను తయారు చేస్తుంది

ఇది అర్థం కావాలంటే 2009కి వెళ్ళాలి. దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు మన హైదరాబాద్‌లోనే, 2009 మే 16న నిర్ధారణ అయింది. అమెరికా నుంచి విమానంలో వచ్చిన యువకుడు. అప్పట్లో పద్ధతి వేరు. ఎయిర్‌పోర్టులో స్క్రీనింగ్, అనుమానం ఉన్న ప్రతివాళ్ళకీ పరీక్ష, పాజిటివ్ అయితే ఆస్పత్రిలో ఐసొలేషన్, వాళ్ళతో తిరిగినవాళ్ళ వెతుకులాట. అలా చేస్తున్నంతకాలం కేసుల సంఖ్య నిజానికి దగ్గరగానే ఉంటుంది. ఆగస్టు 3న పుణెలో మొదటి మరణం నమోదయ్యాక జనం పరీక్షల కోసం ఆస్పత్రుల ముందు బారులు తీరారు. ఆ నెలలోనే కేంద్రం రోగుల్ని ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేసింది. కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతు నొప్పి ఉంటే ఏ: పరీక్ష వద్దు, మందు వద్దు, ఇంట్లో ఉండాలి, ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ చూస్తారు. జ్వరం బాగా ఎక్కువున్నవాళ్ళు, గర్భిణులు, చిన్న పిల్లలు, 65 దాటినవాళ్ళు, షుగర్, గుండె జబ్బుల వంటివి ఉన్నవాళ్ళు బీ: ఒసెల్టామివిర్ ఇవ్వొచ్చు, పరీక్ష వద్దు. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, బీపీ పడిపోవడం ఉంటే సీ: వెంటనే అడ్మిట్ చేసి పరీక్ష చేయాలి.

వైద్యపరంగా ఇది చాలా మంచి నిర్ణయం, ఇప్పటికీ దీన్నే పాటిస్తున్నాం. ల్యాబ్‌లు నిజంగా అవసరమున్నవాళ్ళకి దొరుకుతాయి. కానీ దీని తర్వాత "కేసు" అంటే ఫ్లూ వచ్చిన మనిషి కాదు. ఆస్పత్రిలో చేరేంత ముదిరి, శాంపిల్ తీయించుకుని, అది ల్యాబ్ చేరి, పాజిటివ్ వచ్చిన మనిషి. జల్లెడ కన్ను మార్చాక పైన మిగిలింది కూడా మారుతుంది. ఆ మార్పు జరిగిందని లెక్కల పట్టిక కింద ఒక్క వాక్యం ఉండదు.

ఫలితం ఎలా ఉంటుందో ఐడీఎస్పీ సొంత హెచ్1ఎన్1 అంకెల్లోనే చూడొచ్చు. 2009లో 27,236 కేసులు, 981 మరణాలు. అంటే వందకి 3.6. 2013లో 5,253 కేసులు, 699 మరణాలు, వందకి 13. 2014లో 937 కేసులు, 218 మరణాలు, వందకి 23. మరుసటి ఏడాది 2015లో పెద్ద విజృంభణ, 42,592 కేసులు, 2,990 మరణాలు, వందకి 7. 2019లో 28,798 కేసులు, 1,218 మరణాలు, వందకి 4 పైచిలుకు.

2014లో అదే వైరస్ వచ్చినవాళ్ళలో దాదాపు ప్రతి నలుగురిలో ఒకరిని చంపి, ఏడాది తిరిగేసరికి మెత్తబడిందా? అలా జరగదు. గొడవ లేని ఏడాదిలో వెంటిలేటర్ మీదకి వెళ్ళినవాళ్ళకే పరీక్ష చేస్తారు, అందుకే శాతం ఆకాశానికి అంటుతుంది. వార్తల్లోకి వచ్చిన ఏడాది అందరూ పరీక్ష అడుగుతారు, శాతం దిగుతుంది. పై వరసలో కేసులు ఎక్కువున్న ఏడాదల్లా మరణాల శాతం తక్కువ, కేసులు తక్కువున్న ఏడాదల్లా ఎక్కువ, చూడండి. అయినా ప్రతి సీజన్‌లో ఎవరో ఒకరు మరణాల్ని కేసులతో భాగించి "ఈసారి వైరస్ ప్రాణాంతకంగా మారింది" అని వార్త వండుతారు. ఇది చదివినవాళ్ళయినా ఆ భాగహారం చేయొద్దని నా విన్నపం.

లెక్కపెట్టడం ఆపేసినప్పుడు

2009లో ఇదే చిక్కు ప్రపంచమంతటికీ వచ్చింది. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ పాండమిక్ ప్రకటించినప్పుడు 74 దేశాల్లో కలిపి దాదాపు 30 వేల కేసులు. జులై 6 నాటికి 94,512 కేసులు, 429 మరణాలు. ఆ తర్వాత జులై 16న ఆ సంస్థ ఇకపై కేసుల ప్రపంచ పట్టిక ఇవ్వబోమని చెప్పేసింది. వైరస్ బాగా పాకిన దేశాల్లో ఒక్కో కేసునీ నిర్ధారించి లెక్కపెట్టడానికి ల్యాబ్‌లు, మనుషులు అరిగిపోతున్నారు, మిగతా పనులు ఆగిపోతున్నాయి అన్నది కారణం. కొత్తగా సోకిన దేశాలు మొదటి కేసులు చెప్పాలి, మిగిలినవాళ్ళు ఎంత విస్తరించింది, పెరుగుతోందా తగ్గుతోందా, ఆస్పత్రుల మీద ఎంత బరువు పడుతోంది అన్నవి చెప్తే చాలు, అసాధారణంగా తీవ్రమైన న్యుమోనియా గుంపులుగా కనిపిస్తే మాత్రం వెంటనే చెప్పాలి అంది. అమెరికాలో జబ్బుల నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ కూడా జులై 24న 43,771 దగ్గర విడి కేసుల లెక్క ఆపింది. దాచేస్తున్నారని అప్పట్లో గోల జరిగింది. నేను ఈ నిర్ణయాన్ని పూర్తిగా సమర్థిస్తాను.

ఎందుకంటే తర్వాత ఏమైందో చూడండి. సీడీసీ వాళ్ళు వెనక్కి తిరిగి మెట్టు మెట్టుకీ లెక్క వేశారు: జబ్బు పడ్డవాళ్ళలో డాక్టర్ దగ్గరికి ఎంతమంది వెళ్ళారు, వెళ్ళినవాళ్ళలో ఎంతమందికి శాంపిల్ తీశారు, తీసిన శాంపిల్స్‌లో పరీక్ష ఎన్నిటిని పట్టింది, పట్టినవాటిలో పైకి రిపోర్ట్ అయినవెన్ని. ఆ లెక్కలో ఏప్రిల్ నుంచి జులై వరకు రిపోర్టయిన ఒక్కో కేసు వెనకాల సుమారు 79 మంది నిజమైన రోగులున్నారని తేలింది, తక్కువలో తక్కువ 47, ఎక్కువలో ఎక్కువ 148. ఇంగ్లండ్‌లో ఇంకో దారిలో వెళ్ళారు, రక్తంలో యాంటీబాడీలు చూశారు. ఉద్ధృతి ఎక్కువున్న ప్రాంతాల్లో మొదటి వేవ్‌లోనే ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి సోకిందని తేలింది, డాక్టర్ల లెక్క నుంచి వేసిన అంచనాకి అది పదింతలు. 79ని తెచ్చి మన 3,038తో గుణించకండి, అది అమెరికాలో ఆ కొద్ది నెలలకి, అక్కడి పరీక్షల అలవాటుకి కట్టిన గుణకం. మన గుణకం మనం కట్టుకోవాలి.

విడి కేసులు ఆపినంత మాత్రాన అమెరికాలో నిఘా ఆగలేదు, ఇది ముఖ్యం. ఎంపిక చేసిన క్లినిక్‌లు ప్రతి వారం తమ ఓపీలో ఫ్లూ లక్షణాలున్నవాళ్ళ శాతం పంపుతాయి. 2009 అక్టోబర్‌లో అది 7.7 శాతానికి ఎక్కింది. పిల్లల ఫ్లూ మరణాలు 2004 నుంచి ఒక్కొక్కటీ రిపోర్ట్ చేస్తున్నారు. అంటే ఏది ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలో, ఏది నమూనాగా చూడాలో ముందే తేల్చుకున్నారు.

మరణాలు

మార్చి నోట్‌లో రెండు మరణాలు, కర్ణాటకలో ఒకటి, హర్యానాలో ఒకటి. కర్ణాటక మరణం మార్చి 1న జరిగింది, ల్యాబ్ రిపోర్ట్ 6న వచ్చింది, దేశమంతా విన్నది 10న. ఏ ఫ్లూ మరణం లెక్కయినా ఇలా వెనకబడే వస్తుంది, అదైనా శాంపిల్ తీసినందువల్ల వచ్చింది.

ఫ్లూ వచ్చిన వారానికి న్యుమోనియాతో, గుండెపోటుతో పోయే పెద్దవాళ్ళలో చాలామందికి అప్పటికి ముక్కులో వైరస్ కూడా దొరకదు. ఇంట్లో పోతే అసలు కారణం రాసే డాక్టరే ఉండరు, మన దేశంలో 2020లో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. 2009 పాండమిక్‌లో ప్రపంచవ్యాప్తంగా ల్యాబ్ నిర్ధారణతో లెక్కకొచ్చిన మరణాలు సుమారు 18,500. తర్వాత 2012లో వచ్చిన అంచనా, మొదటి ఏడాదికి శ్వాసకోశ కారణాలతో రెండు లక్షలు, గుండె కారణాలతో 83 వేలు, మొత్తం 2,84,500, అటూ ఇటూ లక్షన్నర నుంచి ఐదు లక్షల డెబ్బై ఐదు వేల మధ్య. అందులో సగానికి పైగా ఆగ్నేయాసియాలో, ఆఫ్రికాలో, అంటే లెక్కలు సరిగ్గా లేని చోట్ల. ఆ పట్టికల్లోకి ఎక్కని మనుషులు మన ఊళ్ళలాంటి ఊళ్ళవాళ్ళే. ఈ పనిలో ఉన్నవాణ్ణిగా నన్ను అన్నిటికన్నా కలచివేసే సంగతి ఇది.

ఆ నోట్ నా చేతిలో ఉండి ఉంటే

అంకెలు తగ్గించేవాణ్ణి కాదు, పక్కన ఇంకో రెండు నిలువు వరసలు పెట్టేవాణ్ణి. పరీక్షించిన శాంపిల్స్ ఎన్ని, పాజిటివ్ శాతం ఎంత. నెలల బదులు వారాలు. చివరి వారం అంకెల పక్కన "అసంపూర్ణం" అని. కింద ఒక వాక్యం: "పరీక్ష ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవారికే జరుగుతోంది, కాబట్టి ఇది సోకినవారి సంఖ్య కాదు." రాష్ట్రాల వరసకి కూడా అదే, ఎవరు ఎన్ని పరీక్షలు చేశారో లేకుండా ర్యాంకులు వద్దు. ఇది మనకు చేతకాని పనేమీ కాదు. కోవిడ్‌లో ఆంధ్ర, తెలంగాణ బులెటిన్లలో ఆ రోజు ఎన్ని శాంపిల్స్ చేశారో అచ్చయ్యేది, జనం దాన్ని చదవడం కూడా నేర్చుకున్నారు, టీ కొట్టు దగ్గర పాజిటివిటీ రేటు గురించి మాట్లాడుకున్నారు. ఫ్లూకి వచ్చేసరికి మళ్ళీ ఒంటి అంకెకి పడిపోయాం.

జిల్లాల్లో పనిచేసే తోటివాళ్ళకి ఒక మాట. సీజన్ మన దగ్గర రెండుసార్లు వస్తుంది, జనవరి నుంచి మార్చి, మళ్ళీ వానల తర్వాత. అది రాకముందే మీ జిల్లాలో రెండు మూడు ఆస్పత్రులు ఎంచుకుని, ప్రతి వారం మొదట వచ్చిన కొద్దిమంది ఐఎల్ఐ రోగులకీ, సారి రోగులందరికీ, వార్తలున్నా లేకున్నా, శాంపిల్ తీసే ఏర్పాటు చేసుకోండి. వారానికి పది శాంపిల్సే అయినా ఏడాది పొడవునా ఒకే పద్ధతిలో తీస్తే, రిపోర్టర్ ఫోన్ చేసిన రోజు చెప్పడానికి మీ దగ్గర ఒక శాతం ఉంటుంది, పోయిన నెల శాతం కూడా ఉంటుంది. వీటీఎం కిట్లు (శాంపిల్ పాడవకుండా ల్యాబ్‌కి పంపే గొట్టాలు) అయిపోయేలా ఉంటే ఇండెంట్ వారం ముందే పెట్టండి, శనివారం తీసిన శాంపిల్ సోమవారం దాకా చల్లగా ఉండేలా చూసుకోండి, ఫారంలో జ్వరం మొదలైన తేదీ గడి ఖాళీగా వదలొద్దని ల్యాబ్ టెక్నీషియన్‌కి ప్రతిసారీ చెప్పండి. ఆ తేదీ లేకపోతే మిగిలేది ల్యాబ్ రిపోర్ట్ తేదీ ఒక్కటే, దానితో గీసిన గ్రాఫ్ ల్యాబ్ ఎప్పుడు పనిచేసిందో చెప్తుందిగానీ జనం ఎప్పుడు జబ్బు పడ్డారో చెప్పదు.